ఆంప్లిఫయర్ వెనక ఉన్న అంకె



పదో తరగతి సైన్సు పుస్తకంలోని విద్యుత్తు పాఠాన్ని మనలో కొందరం చదివేశాం, మిగిలినవాళ్లు చదవబోతున్నారు. శ్రేణి సంధానం, సమాంతర సంధానం మీద లెక్కలు చేస్తాం, మార్కులు తెచ్చుకుంటాం, పుస్తకం మూసేస్తాం. ఆ పాఠంలో నాకు మంచి మార్కులే వచ్చాయి. అయినా పదకొండో తరగతిలో ఒక సాయంత్రం, రిహార్సల్ జరుగుతుండగా, అదే పాఠంలో అందరి ముందూ తప్పాను.

నాన్నగారికి విశాఖపట్నం నుంచి ఢిల్లీకి బదిలీ అయిన సంవత్సరం అది. సామాను లారీలో మంచాలు, బీరువాతో పాటు నా బేస్ గిటార్, చిన్న ఆంప్లిఫయర్, ఒక స్పీకర్ పెట్టె కూడా వచ్చాయి. కొత్త స్కూల్లో నాకు ఎవరూ తెలియదు. బదిలీల మీద తిరిగే పిల్లలకు ఈ సంగతి నేను వివరించక్కర్లేదు. మొదటి నెలంతా మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ఎవరి పక్కన కూర్చుని తెరవాలన్నదే పెద్ద ప్రశ్న. అంతలో వార్షికోత్సవానికి పాటల బృందం తయారవుతోందనీ, గిటార్ వాయించేవాళ్లు ముగ్గురున్నా బేస్ వాయించేవాళ్లు ఒక్కరూ లేరనీ తెలిసింది. వెళ్లి నా పేరు చెప్పాను. మర్నాటి నుంచి నాకు కూర్చోవడానికి ఒక చోటు దొరికింది.

రిహార్సల్‌లో ఒక ఇబ్బంది వచ్చింది. డ్రమ్స్ మోత ముందు నా బేస్ వినపడడం లేదు. పన్నెండో తరగతి అన్నయ్య ఒకరు తన ఇంట్లో ఉన్న స్పీకర్ పెట్టెను అరువిచ్చాడు. ఆంప్లిఫయర్ నుంచి మొదటి పెట్టెకు ఒక తీగ, మొదటి పెట్టె నుంచి రెండో పెట్టెకు మరో తీగ కలిపాం. శబ్దం నిజంగానే పెరిగింది, అందరూ సంతోషించారు. రెండో పాట మధ్యలో హఠాత్తుగా బేస్ ఆగిపోయింది. ఆంప్లిఫయర్ మీద ఎర్ర దీపం వెలుగుతోంది, దాని వెనక చెయ్యి పెడితే పెనంలా కాలుతోంది.

తీగలు కలిపేటప్పుడు నేను వేసుకున్న లెక్క ఇది. రెండు పెట్టెల మీదా 4 ఓమ్‌లు అని రాసి ఉంది. ఒకదాని తరువాత ఒకటి కలిపాం కనుక అది శ్రేణి సంధానం. 4 + 4 = 8. ఆంప్లిఫయర్ వెనక ‘కనీసం 4 ఓమ్‌లు’ అని ఉంది. మనది అంతకన్నా ఎక్కువే కాబట్టి భయం లేదు.

ఈ లెక్కలో కూడిక సరిగ్గానే ఉంది. తప్పు ఎక్కడుందో తెలియాలంటే బేస్ గిటార్ శబ్దం దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

బేస్‌కు పెద్ద పెట్టె ఎందుకు?

నాలుగు తంతుల బేస్ గిటార్‌లో అన్నిటికన్నా మందంగా ఉండే తంతిని మీటితే అది సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. తక్కిన మూడింటి పౌనఃపున్యాలు సుమారు 55, 73, 98 హెర్ట్‌జ్‌లు. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుందని మనకు తెలుసు. 343ని 41తో భాగిస్తే 8 మీటర్ల పైచిలుకు! అంటే మందపు తంతి పలికే స్వరం ఒక్క తరంగం, మన క్వార్టర్లలో గదికన్నా పొడవుగా ఉంటుంది.

ఇంత పొడవైన తరంగాన్ని గట్టిగా వినిపించాలంటే స్పీకర్ చాలా గాలిని ముందుకూ వెనక్కూ నెట్టాలి. అందుకే బేస్ స్పీకర్లు 10, 12, 15 అంగుళాల వెడల్పుతో ఉంటాయి, వాటిని దిట్టమైన చెక్క పెట్టెల్లో బిగిస్తారు. ఆ పెట్టెనే క్యాబినెట్ అంటారు. శబ్ద సంకేతానికి బలమిచ్చే ఆంప్లిఫయర్ విడిగా ఉంటే దాన్ని హెడ్ అంటారు. రెండూ ఒకే పెట్టెలో ఉంటే కాంబో.

అమెరికాలో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ అనే విద్యుత్ బేస్ గిటార్‌ను, ఆ మరుసటి ఏడాది దానికోసమే బేస్‌మన్ అనే ఆంప్లిఫయర్‌నూ తెచ్చాడు. పెద్ద మైదానాల్లో కచేరీలు పెరిగాక, 1969లో ఆంపెగ్ కంపెనీ ఎస్.వి.టి. అనే 300 వాట్ల హెడ్ తెచ్చింది. దాని కింద 10 అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉన్న నిలువెత్తు పెట్టెను పెట్టేవారు. ఆ హెడ్‌ను ఒక్కరే మోయడం కష్టం. ఈ రోజుల్లో అంతే సామర్థ్యమున్న హెడ్ రెండు మూడు కిలోల బరువులో, స్కూలు బ్యాగులో పట్టేంత చిన్నదిగా దొరుకుతోంది. పెట్టెలు మాత్రం అంతగా చిన్నవి కాలేదు. గాలిని నెట్టే పనికి చోటు కావాల్సిందే.

పెట్టె వెనక రెండు అంకెలు

ఏ క్యాబినెట్ వెనక చూసినా రెండు ముఖ్యమైన అంకెలు కనిపిస్తాయి. ఒకటి వాట్లు, రెండోది ఓమ్‌లు. కొనేటప్పుడు అందరూ వాట్లే అడుగుతారు. ముందుగా చూడాల్సింది ఓమ్‌లు.

స్పీకర్ లోపల ఒక తీగచుట్ట ఉంటుంది. ఆంప్లిఫయర్ పంపే ఏకాంతర విద్యుత్తుకు ఆ చుట్ట కలిగించే అడ్డును ఇంపిడెన్స్ అంటారు. తెలుగు భౌతికశాస్త్ర పుస్తకాల్లో దీని పేరు అవరోధం. ఇది స్వరాన్ని బట్టి మారుతూ ఉంటుంది కాబట్టి పెట్టె మీద రాసిన 4 లేదా 8 అనే అంకె సుమారు విలువ. మన లెక్కకు దాన్ని నిరోధంలాగే తీసుకోవచ్చు.

నా ఆంప్లిఫయర్‌నే ఉదాహరణగా తీసుకుందాం. 4 ఓమ్‌ల దగ్గర అది 100 వాట్లు ఇస్తుంది. సామర్థ్యం అంటే వోల్టేజి వర్గాన్ని నిరోధంతో భాగించగా వచ్చేది. 100 వాట్లు, 4 ఓమ్‌లు అంటే వోల్టేజి 20. ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ శబ్దం పెంచే మీటను ఒకే చోట ఉంచితే, ఏ పెట్టె తగిలించినా దాదాపు ఇదే వోల్టేజి ఇవ్వాలని చూస్తుంది. అప్పుడు జరిగేది ఇది:

8 ఓమ్‌ల పెట్టె తగిలిస్తే విద్యుత్ ప్రవాహం 2.5 ఆంపియర్లు, సామర్థ్యం 50 వాట్లు.
4 ఓమ్‌ల పెట్టె తగిలిస్తే ప్రవాహం 5 ఆంపియర్లు, సామర్థ్యం 100 వాట్లు.
మొత్తం 2 ఓమ్‌లైతే ప్రవాహం 10 ఆంపియర్లు, సామర్థ్యం 200 వాట్లు.

మూడో వరుస చూడగానే లాభం అనిపిస్తుంది. కానీ ఆంప్లిఫయర్ లోపలి ట్రాన్సిస్టర్లు 5 ఆంపియర్లు మోయడానికి తయారైనవి. వాటిచేత 10 మోయిస్తే వేడెక్కుతాయి. రక్షణ సర్క్యూట్ ఉంటే ఆంప్లిఫయర్ తనంతట తాను ఆగిపోతుంది. లేకపోతే కాలిపోతుంది. ‘కనీసం 4 ఓమ్‌లు’ అన్న మాటకు అర్థం ఇదే. అంతకన్నా ఎక్కువ ఓమ్‌ల పెట్టె తగిలిస్తే శబ్దం కొంచెం తగ్గుతుంది, ప్రమాదం లేదు. తక్కువ ఓమ్‌లు తగిలిస్తేనే ప్రమాదం.

పాతకాలపు వాక్యూమ్ ట్యూబ్ ఆంప్లిఫయర్ల సంగతి వేరు. వాటిలో 4, 8 అని వేర్వేరు రంధ్రాలో, మార్చే స్విచ్చో ఉంటుంది. పెట్టె ఎంతో అక్కడ అంతే పెట్టాలి. పెట్టె తగిలించకుండా ట్యూబ్ ఆంప్లిఫయర్‌ను వాయించడం అసలు పనికిరాదు. దాని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పాడైపోవచ్చు.

నేను ఎక్కడ తప్పాను?

నేను పెట్టెలు ఒకదాని పక్కన ఒకటి ఉన్న తీరును చూశాను. వాటి లోపల తీగలు ఎలా వెళ్తున్నాయో చూడలేదు.

క్యాబినెట్ వెనక సాధారణంగా రెండు రంధ్రాలుంటాయి. ఆ రెండూ లోపల ఒకదానికొకటి నేరుగా కలిసి ఉంటాయి. ధనాగ్రం ధనాగ్రంతోనూ, రుణాగ్రం రుణాగ్రంతోనూ. కాబట్టి మొదటి పెట్టె నుంచి రెండో పెట్టెకు తీగ లాగినప్పుడు, రెండో పెట్టెకూ ఆంప్లిఫయర్ ఇచ్చే పూర్తి 20 వోల్టులే అందుతాయి. రెండు పెట్టెలకూ ఒకే వోల్టేజి అందితే అది ఏ సంధానం? సమాంతరం. హెడ్ వెనక రెండు రంధ్రాలుండి, ఒక్కో పెట్టెను ఒక్కోదానికి తగిలించినా మామూలుగా ఇదే ఫలితం.

ఇంట్లో ఎక్స్‌టెన్షన్ బోర్డును తలచుకోండి. గోడ ప్లగ్గుకు ఒక బోర్డు, ఆ బోర్డుకు ఇంకో బోర్డు తగిలిస్తాం. చూడటానికి వరుసగానే ఉన్నా రెండో బోర్డులో పెట్టిన ఫ్యానుకు కూడా 230 వోల్టులే వస్తాయి. అక్కడ ఉన్నది సమాంతర సంధానమే. పెట్టెల విషయమూ అంతే.

ఇప్పుడు లెక్క సరిచేద్దాం. 4 ఓమ్‌లు రెండు సమాంతరంగా ఉంటే మొత్తం 2 ఓమ్‌లు. ఆ సాయంత్రం నేను ఆంప్లిఫయర్ చేత రెట్టింపు బరువు మోయించాను. మొదట శబ్దం పెరగడానికీ, తరువాత అది ఆగిపోవడానికీ కారణం ఒక్కటే.

తరచుగా ఎదురయ్యే జతలు ఇవి. 8, 8 కలిస్తే 4. 4, 4 కలిస్తే 2. 8, 4 కలిస్తే సుమారు 2.67. ఈ మూడో జతలో ఇంకో చిక్కుంది. 4 ఓమ్‌ల పెట్టె 8 ఓమ్‌ల పెట్టెకన్నా రెట్టింపు సామర్థ్యం లాగేసుకుంటుంది. అందుకే రెండు పెట్టెలు వాడేటప్పుడు రెండింటి ఓమ్‌లూ సమానంగా ఉండేలా చూసుకోవాలి.

వాట్లు రెట్టింపైతే శబ్దం రెట్టింపవుతుందా?

అవ్వదు. మన చెవి శబ్దాన్ని డెసిబెల్ లెక్కలో వింటుంది. సామర్థ్యం రెండింతలైతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. ‘కొంచెం పెరిగింది’ అనిపించేంత తేడా అది. శబ్దం రెట్టింపైనట్టు చెవికి అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి. దానికి పదింతల వాట్లు కావాలి. కాబట్టి 8 ఓమ్‌ల పెట్టెతో 100కు బదులు 50 వాట్లే వచ్చినా పోయేది 3 డెసిబెల్సే.

ఇక్కడే మూడో అంకె ఒకటి పనికొస్తుంది. దాన్ని సెన్సిటివిటీ అంటారు. ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ శబ్దం వస్తుందో అది చెబుతుంది. ఒక పెట్టెది 97, ఇంకో పెట్టెది 100 అనుకోండి. రెండో పెట్టె 100 వాట్లతో ఇచ్చే శబ్దం కోసం మొదటి పెట్టెకు 200 వాట్లు పెట్టాలి. మంచి పెట్టె దొరికితే ఆంప్లిఫయర్ మార్చక్కర్లేదన్నమాట.

వాట్లలో కూడా మోసపోకూడదు. ఎర్రకోట ఎదురుగా ఉన్న లాజ్‌పత్ రాయ్ మార్కెట్‌లాంటి చోట్ల స్పీకర్లు చూస్తుంటే కొన్నిటి మీద పి.ఎం.పి.ఓ. అని వేల వాట్లు రాసి ఉంటాయి. ఆ అంకె మన లెక్కకు పనికిరాదు. ఆర్.ఎం.ఎస్. అని రాసిన వాట్లనే చూడాలి. ఆంప్లిఫయర్ ఆ ఓమ్‌ల దగ్గర ఇచ్చే వాట్లకన్నా పెట్టె భరించే ఆర్.ఎం.ఎస్. వాట్లు సమానంగానో, ఎక్కువగానో ఉండటం క్షేమం. అయినా మందపు తంతి మీటినప్పుడు స్పీకర్ పటపటమంటే వెంటనే శబ్దం తగ్గించండి. స్పీకర్ తన హద్దు దాటి కదులుతోందని దానర్థం.

తీగ కూడా ముఖ్యమే

గిటార్ నుంచి ఆంప్లిఫయర్‌కు వెళ్లే తీగ, ఆంప్లిఫయర్ నుంచి పెట్టెకు వెళ్లే తీగ పైకి ఒకేలా ఉండవచ్చు, కొనలు కూడా ఒకే రంధ్రంలో పట్టవచ్చు. లోపల మాత్రం వేరు. గిటార్ తీగలో మధ్యన ఒక సన్నని తీగ, దాని చుట్టూ బయటి గరగరను ఆపే జాలీ ఉంటాయి. అది ఆంపియర్లు మోయలేదు. స్పీకర్ తీగలో రెండు లావైన రాగి తీగలుంటాయి. పెట్టెకు ఎప్పుడూ స్పీకర్ తీగనే వాడాలి. స్పీకాన్ అనే గుండ్రటి ప్లగ్ గిటార్ రంధ్రంలో పట్టదు కాబట్టి అది ఉన్నచోట ఈ పొరపాటుకు అవకాశమే లేదు. ఏ తీగ మార్చినా ముందు ఆంప్లిఫయర్ ఆపాలి.

ఇంటి సాధనకు ఎంత, స్టేజికి ఎంత?

ఢిల్లీ క్వార్టర్లలో గోడ అవతల ఇంకో కుటుంబం ఉంటుంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి అంటే పది నుంచి పొద్దున ఆరు వరకు. బేస్ స్వరాలు గోడలనూ నేలనూ తేలికగా దాటిపోతాయి. ఇంట్లో 20 నుంచి 30 వాట్ల కాంబో ఎక్కువే. దాన్ని మూలలో పెడితే బేస్ మరీ మోగుతుంది, అందుకే గోడకు దూరంగా, మందపాటి ఫోమ్ మీద పెట్టండి. రాత్రివేళ హెడ్‌ఫోన్స్ వాడండి.

డ్రమ్స్‌తో కలిసి వాయించాలంటే 100 వాట్లు అంతంత మాత్రం, 200 నుంచి 300 ఉంటే నిశ్చింత. పెద్ద హాలులో మాత్రం హాలంతటినీ నింపే భారం మన పెట్టెది కాదు. హెడ్ వెనక డి.ఐ. అని రాసిన రంధ్రం నుంచి హాలు మైకుల మిక్సర్‌కు ఒక తీగ వెళ్తే ప్రేక్షకులకు హాలు స్పీకర్లే వినిపిస్తాయి. మన పెట్టె మనకూ, పక్కన వాయించేవాళ్లకూ వినపడితే చాలు.

ఈ ఊళ్లోనే 1990లో ఏర్పడిన ఇండియన్ ఓషన్ బృందం పేరు మీరు వినే ఉంటారు. అందులో బేస్ గిటార్ వాయించే రాహుల్ రామ్ పర్యావరణ శాస్త్రంలో డాక్టరేట్ చేసిన వ్యక్తి. వాళ్లు చాలా ఏళ్లు కరోల్‌బాగ్‌లోని ఒక పాత ఇంట్లో సాధన చేశారు. ఖజూర్ రోడ్డులోని ఆ ఇంటి చిరునామానే 2010లో తమ ఆల్బమ్‌కు పేరుగా పెట్టుకున్నారు.

బదిలీ అయినప్పుడు

మన సామాను మళ్లీ లారీ ఎక్కుతుంది కనుక మనకు కొన్ని ప్రత్యేక సూత్రాలున్నాయి. కొనేటట్టయితే 8 ఓమ్‌ల చిన్న పెట్టె కొనండి. ఒంటరిగా వాడుకోవచ్చు. కొత్త ఊళ్లో ఎవరైనా ఇంకో 8 ఓమ్‌ల పెట్టె అరువిస్తే రెండూ కలిసి 4 అవుతాయి. 4 ఓమ్‌ల హెడ్ హాయిగా పూర్తి సామర్థ్యంతో పనిచేస్తుంది. నా దగ్గరున్నది 4 ఓమ్‌ల పెట్టె కావడం వల్లే రెండో పెట్టెకు చోటు లేకపోయింది.

కాఠ్మండు, మాస్కో, టెహ్రాన్‌లలో కూడా కేంద్రీయ విద్యాలయాలున్నాయి. తల్లిదండ్రుల ఉద్యోగాల వల్ల విదేశాలు తిరిగి వచ్చే పిల్లలు మనలో ఉన్నారు. బయటి నుంచి తెచ్చిన ఆంప్లిఫయర్‌ను గోడ ప్లగ్గుకు తగిలించే ముందు దాని వెనక వోల్టేజి చూడండి. అమెరికాది 120 వోల్టులు, మనది 230. వోల్టేజి మార్చే స్విచ్ లేకపోతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ప్లగ్గు పట్టడం లేదని ఎర్త్ పిన్ను ఎప్పుడూ విరగ్గొట్టకండి. తంతులు పట్టుకుని ఉండేది మన చేతులే.

తరువాత ఏమైంది?

ఆంప్లిఫయర్‌ను గంటసేపు చల్లారనిచ్చాం. మర్నాడు ఫిజిక్స్ మేడమ్ ల్యాబ్ మల్టీమీటర్ ఇచ్చారు. ఆంప్లిఫయర్ నుంచి విడదీసి పెట్టెలను ఒక్కొక్కటిగా కొలిస్తే ఒక్కోటీ 3 ఓమ్‌ల పైచిలుకు చూపింది. మల్టీమీటర్ కొలిచేది తీగచుట్ట నిరోధాన్ని మాత్రమే కాబట్టి అది పెట్టె మీది అంకెకన్నా కొంచెం తక్కువ చూపుతుంది. రెండింటినీ తీగతో కలిపి కొలిస్తే విలువ సగమైంది. శ్రేణి అయితే పెరగాలి కదా! నా తప్పు అక్కడ కంటికి కనిపించింది.

వార్షికోత్సవానికి రెండు పెట్టెల్లో ఎక్కువ బాగా మోగే అన్నయ్య పెట్టె ఒక్కటే తగిలించి, డి.ఐ. తీగను హాలు మిక్సర్‌కు ఇచ్చాం. నాలుగు పాటలూ ఆగకుండా సాగాయి. పరీక్షలయ్యాక అన్నయ్య వాళ్ల నాన్నగారికి గువాహటికి బదిలీ అయింది. పెట్టె వెనక్కి ఇవ్వడానికి వెళ్తే, వాళ్ల సామాను అప్పటికే అట్టపెట్టెల్లో ఉంది. ‘అక్కడ బేస్ వాయించేవాళ్లు దొరుకుతారో లేదో’ అన్నాడు. నా పుస్తకంలోంచి ఒక కాగితం చింపి పైన చెప్పిన మూడు జతల లెక్క రాసి, పెట్టె వెనక అంటించి ఇచ్చాను. అక్కడ ఎవరు అరువు తీసుకున్నా పనికొస్తుంది.

చేసి చూడండి

1. ఆంప్లిఫయర్ కనీస హద్దు 4 ఓమ్‌లు. 8 ఓమ్‌ల పెట్టెలు రెండు తగిలించవచ్చా?
2. అదే ఆంప్లిఫయర్‌కు 8 ఓమ్‌ల పెట్టె ఒకటి, 4 ఓమ్‌ల పెట్టె ఒకటి కలిపి తగిలించవచ్చా?
3. 4 ఓమ్‌ల దగ్గర 200 వాట్లిచ్చే హెడ్‌కు 8 ఓమ్‌ల పెట్టెలు రెండు ఉన్నాయి. ఒక్కో పెట్టెకు ఎన్ని వాట్లు అందుతాయి?
4. ఒక పెట్టెలో 8 ఓమ్‌ల స్పీకర్లు నాలుగున్నాయి. పెట్టె మొత్తం కూడా 8 ఓమ్‌లే. లోపల వాటిని ఎలా కలిపి ఉంటారు?

జవాబులు: 1. తగిలించవచ్చు, మొత్తం సరిగ్గా 4 ఓమ్‌లు. 2. తగిలించకూడదు, మొత్తం సుమారు 2.67 ఓమ్‌లు. 3. ఒక్కోదానికి 100 వాట్లు. 4. రెండేసి స్పీకర్లను శ్రేణిలో కలిపితే 16 ఓమ్‌ల జతలు రెండు వస్తాయి, ఆ జతలను సమాంతరంగా కలిపితే 8 ఓమ్‌లు.